వంతెన మెట్లకు పసుపు

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు ఒక బాధ ఉంది. ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఫోన్ మోగుతుంది. ఎత్తితే ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో కలిసిన చుట్టం. యోగక్షేమాలు అడుగుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు, ఎండలెట్లా ఉన్నాయో అడుగుతాడు. అన్నీ అయ్యాక గొంతు కాస్త తగ్గించి, మీరు లోకల్ కదా, దర్శనానికేమన్నా చూడగలరా అంటాడు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే మనిషిని. స్వామివారికి నేను తెలిసింది ఎంతో, ఆ ఫోన్ చేసినాయన తెలిసిందీ అంతే. ఎంత చెప్పినా నమ్మరు. పోయిన ఏడాది నేను ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకొని, బొడ్డు కింద ఉన్న ఒళ్ళు నాదో పక్కమంచం వాడిదో తెలియని స్థితిలో ఉన్నప్పుడు కూడా ఒకాయన ఫోన్ చేశాడు. అయ్యో అని నిజంగానే బాధపడ్డాడు. బాధపడ్డం పూర్తయ్యాక, "అయితే మీకు ఇప్పుడు వికలాంగుల క్యూ ఉంటుంది కదా, తోడు ఎంతమందిని రానిస్తారు?" అని అడిగాడు.

నా పరిస్థితి ఏమిటో నాకు మొట్టమొదట అర్థమయ్యేట్టు చెప్పింది ఆయనే. డాక్టర్లు అప్పటికింకా "చూద్దాం" అంటున్నారు.

ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాను. రాయమని డాక్టరే అన్నాడు, మనసు కుదుట పడుతుందని. దానికంటే, నడుము నొప్పిని నడుము నొప్పే కదా అని నెలల తరబడి మోస్తున్నవాళ్ళు ఎవరైనా చదివి రేపు ఆసుపత్రికి పోతే నాకు అది చాలు.

ఫిబ్రవరిలో మొదలైంది. బోర్డు మీద రాస్తూ చెయ్యి పైకెత్తితే వీపు మధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కినట్టు ఉండేది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది. మార్చికి ప్యాంట్లు వదులయ్యాయి. స్టాఫ్‌రూమ్‌లో అందరూ మెచ్చుకున్నారు. వాకింగా సార్, డైటా సార్ అని అడిగారు. జబ్బు చేసినందుకు అభినందనలు అందుకున్న మనుషులు నాలాగా ఎంతోమంది ఉండరు.

మా అమ్మ పుట్టిల్లు వడమాలపేట. అక్కడినుంచి పుత్తూరు పక్కనే. ఆమె లెక్కలో మనిషి ఒంట్లో ఉన్న ఎముకలన్నీ పుత్తూరు కట్టు కట్టేవాళ్ళకు చెందినవి. మిగతా ఒళ్ళు ఏ డాక్టరుకైనా చూపించుకోవచ్చు. కాబట్టి అమ్మా, నా భార్య సుజాతా, నేనూ ఒక ఆదివారం బస్సెక్కి పుత్తూరు పోయాం. కట్టు కట్టే ఆయన నన్ను బోర్లా పడుకోబెట్టి వెన్ను వెంబడి వేళ్ళు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. చెయ్యి తీసేశాడు.

"ఇరగలేదప్పా. ఇది కట్టుకు లొంగేది గాదు. పెద్ద డాక్టరుకు సూపిచ్చుకోండి" అన్నాడు.

ముగ్గురమూ విన్నాం. ముగ్గురికీ మొదటి మాట ఒక్కటే వినబడింది. విరగలేదు. అమ్మ అక్కడే చేతులెత్తి దండం పెట్టింది. తిరుగు బస్సులో వడమాలపేట దగ్గర ఎక్కిన చుట్టాలకు కూడా "ఇరగలేదంట" అని చెప్పింది. వాళ్ళు కూడా సంతోషించారు. విరగనిదానికి డాక్టరెందుకు అని నాకూ అనిపించింది. ఫిజిక్స్ ఎంత చదివినా కన్నతల్లి సంతోషంగా ఉన్న బస్సులో బుర్ర పనిచెయ్యదు.

విరగలేదంటే ఇంకేదో అని, ఆ ఇంకేదో స్వామి చూసుకోవాలని అమ్మ తేల్చింది. నేను అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలి, ఆమె వెనకనుంచి మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టాలి. ఇదీ మొక్కు. మా ఊళ్ళో జ్వరానికి మాత్ర వేసుకున్నంత మామూలుగా ఇట్లాంటి మొక్కులు మొక్కుకుంటారు. సుజాత వద్దంది. నొప్పి ఉన్న మనిషిని నడిపిస్తారా అంది. ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున నడిచాం.

గాలిగోపురం చేరకముందే ఒక మెట్టు మీద కుడి కాలు పెట్టాననుకున్నాను. పెట్టలేదు. చూస్తే కాలు కింది మెట్టు మీదే ఉంది. ఎత్తమని చెప్పాను, అది వినలేదు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడానికే భయమేసింది. కూర్చున్నాను. వెనక అమ్మ వంగి మెట్లకు కుంకుమ పెడుతూ నా దగ్గరికొచ్చి, నేను కూర్చున్న మెట్టు ఖాళీ చేస్తే దానికీ పెడదామని కాసేపు ఎదురుచూసింది. నేను లేవలేదు. గోవిందా గోవిందా అంటూ ఎక్కుతున్నవాళ్ళలో కొందరు ఆగి, ముక్కూమొహం తెలియని మనిషిని భుజాల మీద మోసి కిందికి దించారు. వాళ్ళ దర్శనం వేళ దాటిపోయి ఉంటుంది. పేర్లు కూడా అడగలేదు నేను.

వెన్నెముకలో క్షయ అని తేలింది. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందనుకునేవాణ్ణి. అది ఎక్కడికైనా పోతుందట, నా విషయంలో వెన్నులో కాపురం పెట్టి లోపలినుంచి తింటూ వచ్చింది. నెల తిరక్కముందే రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మేలో ఆపరేషన్ చేశారు. దాని గురించి నాకు గుర్తున్నది పైన తిరగని ఫ్యాన్ ఒక్కటే.

తర్వాతి నెలల గురించి తక్కువ చెబుతాను. నన్ను దొర్లించేవాళ్ళు, తుడిచేవాళ్ళు, గొట్టాలు మార్చేవాళ్ళు. సిగ్గు అనేది ఒక వారం ఉంటుంది, తర్వాత అదీ విసిగి వెళ్ళిపోతుంది. మాత్రలకు మూత్రం కుంకుమ రంగులో వచ్చేది. స్వామి మొక్కు ఈ విధంగా వసూలు చేసుకుంటున్నాడేమో అన్నాను సుజాతతో. ఆమె బకెట్ తీసుకొని బయటికి పోయి చాలాసేపు రాలేదు.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అత్త మొక్కే ఇంతపని చేసిందని సుజాత. మొక్కు సగంలో ఆగడం వల్లే ఇదంతా అని అమ్మ. ఇద్దరూ నా మంచానికి అటొకరు ఇటొకరు కూర్చొని, నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. "మీయమ్మను అన్నం తినమను" అని ఒకరు, "నాకు ఆకలి లేదని చెప్పు" అని ఇంకొకరు. నేను మధ్యలో ఉండి చెప్పేవాణ్ణి. లేచి పోదామంటే కాళ్ళు లేవు. చుట్టాలకు మాత్రం అమ్మ "డిస్కు" అని చెప్పింది. క్షయ అంటే కంచం వేరు పెడతారని భయం. నిజం తెలిసినవాళ్ళు కొందరు గుమ్మం బయటే నిలబడి పలకరించారు. వాళ్ళను తప్పుపట్టను. లోపల నేనున్నాను కదా, నాక్కూడా అక్కడుండాలని లేదు.

ఒక మధ్యాహ్నం సుజాత, "మీరు ఇట్లనే ఉంటే నేనేం జేయాల?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నాకు జోకేమీ తట్టలేదు.

ఆగస్టు నుంచి ఫిజియోథెరపీ. ఆ సెంటరు మా డాబా మీదినుంచి చూస్తే కనబడుతుంది. మధ్యలో రైలు పట్టాలు. ఇంతకు ముందు గేటు ఉండేది, దాటి పోయేవాళ్ళం. గేటు మూసి గోడ కట్టారు. బదులుగా నడిచేవాళ్ళకు పైవంతెన కడుతున్నారు. రెండు వైపులా మెట్లు, మెట్లెక్కలేనివాళ్ళకు చక్రాల బండి పోయేటట్టు వాలుగా ర్యాంపు. మెట్లు చకచకా లేస్తున్నాయి. ర్యాంపు రెండు మలుపులు తిరిగి గాలిలో ఆగిపోయింది, చివర ఇనపచువ్వలు బయటికి పొడుచుకొని. అందాకా నన్ను ఆటోలో పడేసి, ఫ్లైఓవర్ మీదుగా ఊరంతా తిప్పి, కళ్ళెదురుగా కనబడే చోటికి చేర్చేవాళ్ళు.

అక్కడ వెయిటింగ్ హాల్లో కుర్చీల కోసం తగాదాలు. నాలాంటివాళ్ళకు ఆ బాధ లేదు, మేం మా కుర్చీలు చక్రాలతో సహా వెంట తెచ్చుకున్నవాళ్ళం. మొదటిరోజే పక్కన చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో ఒకామె ఉంది. నన్ను ఎగాదిగా చూసింది.

"పోయినాయా, మొదట్నించీ లేవా?" అని అడిగింది.

పోయాయన్నాను. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణని కూడా చెప్పాను.

"అయితే మేలు. పోయినోళ్ళ మాటకు ఇలువుంటాది ఐవారూ. నాబోటోళ్ళను జూస్తే, దీనికి అలవాటే గదా అనుకుంటారు."

ఆమె పేరు చెంగమ్మ. చిన్నప్పుడే పోలియో. టైలరు. ఇల్లు పట్టాలకు అవతల, సెంటరు వైపే. కుట్టే కొట్టు ఇవతల, మా వీధి చివర. గేటున్నప్పుడు బండి తోసుకొని నేరుగా వచ్చేది. ఇప్పుడు రోజూ ఫ్లైఓవర్ ఎక్కాలి, దిగాలి, చేతులతో తిప్పుతూ. ఆమె ఫిజియోథెరపీకి వచ్చింది కాళ్ళకు కాదు, భుజాలకు. రెండు భుజాలూ అరిగిపోతున్నాయని, ఆ ఎత్తు ఎక్కడం మానకపోతే చేతులు కూడా పనికిరావని డాక్టరు చెప్పాడట. "కాళ్ళు లేకుండా బతికినా. చేతులు గూడా పోతే నన్ను ఎవురు ఎత్తి యాడ పెడ్తారు" అంది, బస్సు టైము అడిగినట్టు.

నాకు ప్యాంటు తొడగడానికి సుజాత పడే తిప్పలు ఒకరోజు చూసింది. వారం తిరిగేసరికి రెండు ప్యాంట్లు కుట్టి తెచ్చింది, పక్కలు పూర్తిగా తెరుచుకొని, అంటించుకునే పట్టీలతో. నన్ను ఎత్తకుండానే కిందనుంచి పరిచి మూసేయొచ్చు. ఆ రోజు సుజాత ఏడ్చింది. ఆపరేషన్ రోజు కూడా అంత ఏడవలేదు.

వంతెన పని చూసే ఇంజనీరు హరి నా దగ్గర చదువుకున్నవాడు. వాలుతలం పాఠం నేనే చెప్పాను. ఎత్తుకు పన్నెండింతలు పొడవు ఉంటేనే చక్రాల కుర్చీలో ఉన్న మనిషి తనంతట తాను ఎక్కగలడని అప్పుడు నాకూ తెలియదు, వాడికీ తెలియదు. ర్యాంపు ఎప్పటికవుతుందో అడగడానికి సెప్టెంబరులో నేనూ చెంగమ్మా వాడి షెడ్డుకు పోయాం. నన్ను చూడగానే వాడు లేచి నిలబడ్డాడు. చెంగమ్మ నా వైపు చూసింది, నే చెప్పలా అన్నట్టు.

హరి దాచకుండా చెప్పాడు. ర్యాంపు దిగేచోట ఒక చిన్న నేల ముక్క మీద తగాదా ఉంది. అది తేలేదాకా ర్యాంపు ఆగుతుంది. మెట్లు నెలలో అయిపోతాయి, ముందు మెట్లు తెరుస్తాం, ర్యాంపు ఫేజ్ టూ.

మెట్లు తెరిస్తే ఊరంతా ఎక్కి దిగుతుంది, ఇంక ర్యాంపు అడిగేవాళ్ళు ఎవరుంటారని అడిగాను. తగాదా తేల్చాలని ఎవరికి తొందర ఉంటుంది అన్నాను. వాడు చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"మీరడిగినారు గాబట్టి చెప్తాండా సార్. రెండూ అయ్యేదాకా తెరవను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. మెట్లు పూర్తయ్యాక రెండు వైపులా రేకులు అడ్డం పెట్టించాడు. దానితో మాకు శత్రువులు తయారయ్యారు. కాళ్ళున్నవాళ్ళందరూ గోడ సందులోంచి దూరి పట్టాలు దాటుతూ, దాటేటప్పుడు మమ్మల్ని తిట్టుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళకు కోపం రావడంలో తప్పు లేదు, రైలు వస్తే చచ్చేది వాళ్ళే. పాలు తెచ్చే ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. చెంగమ్మ కొట్టు ముందు ఒకామె, ఒక్క బండి కోసం ఊరంతా ఆగాలా అని గట్టిగా అడిగిందట. "ఊరంతటి కోసరం నేను ఆగలేదా ఇన్నేండ్లు" అని చెంగమ్మ కుడుతూనే అన్నదట, మిషను ఆపకుండా.

మేమిద్దరం వారం వారం హరి దగ్గరికి, ఇంకో ఆఫీసుకు, దాని పైఆఫీసుకు తిరిగాం. అన్నిచోట్లా నా చక్రాల కుర్చీని చూసి లేచారు. లెక్చరర్‌నని చెబితే టీ కూడా ఇచ్చారు. ఆమె చెప్పింది నిజమే. ఒకచోట అధికారి నా వైపు తిరిగి, ఆమె గురించి, "ఈమెకు ఏం కావాలట?" అని అడిగాడు. ఆమె పక్కనే ఉంది. నేల తగాదా మెల్లగా కదిలింది. సంక్రాంతి తర్వాత తేలుతుందన్నారు.

ఈలోగా నా కాళ్ళు కూడా కదిలాయి. అక్టోబరులో బొటనవేలు. అది నేను కదిపానా, తనే కదిలిందా అని రెండు రోజులు అనుమానం. డిసెంబరుకు వాకరు. జనవరి చివర కర్ర. సెంటర్లో నేను మొదటిసారి గోడ పట్టుకోకుండా అడుగులు వేసినరోజు అందరూ చప్పట్లు కొట్టారు. చెంగమ్మ కూడా కొట్టింది, భుజాలు నొప్పి కాబట్టి మెల్లగా.

ఇంటికొచ్చి అమ్మ మొక్కు సంగతి ఎత్తింది. సగంలో ఆగిన మొక్కు. కొండ మెట్లు ఈ జన్మలో వద్దని డాక్టరు ముందే చెప్పాడు. అమ్మ వాదించలేదు. వంటింటి గడప మీద కూర్చొని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉండిపోయింది. అప్పుడు సుజాత చేసిన పని నేను ఊహించలేదు. గ్యాస్ ఆపి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఆ వంతెన మెట్లుండాయి గదా అత్తా. ఆడ నిలబడితే కొండ గూడా కనపడతాది" అంది.

అత్తా అని పిలిచి తొమ్మిది నెలలయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నా వైపు చూశారు. మా ఇంట్లో ఆ పూట వెలిగిన దీపాన్ని ఊదేయడం నా వల్ల కాలేదు.

హరికి ఫోన్ చేశాను. ఒక్క గంట, మా ఇంటివాళ్ళ వరకే అన్నాను. దానికేముంది సార్, పొద్దున్నే రండి, రేకు తీయిస్తా అన్నాడు. చెంగమ్మకు చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు. రాకుండా చూసుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున. అమ్మ ముందు వంగి సిమెంటు మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక పూరేకు ఉంచింది. నేను ఎక్కాను. సుజాత వెనక నా నడుము మీద చెయ్యి ఆనించి. ఒక మెట్టు, మళ్ళీ ఒకటి. కాలు ఎత్తమంటే ఎత్తింది. మధ్యలో రెయిలింగ్ పట్టుకొని ఆగితే కింద నుంచి ఎవరో గోవిందా అన్నారు. తిరిగి చూశాను. మా వెనక మెట్లనిండా జనం.

పసుపు పెట్టిన మెట్లు కదా. ఒక ముసలాయన వంగి మెట్టును తాకి కళ్ళకద్దుకొని ఎక్కుతున్నాడు. కూరగాయల గంపలతో ఆడవాళ్ళు, బడి పిల్లలు, పాలాయన. ఎవరో టెంకాయ కొట్టారు. వంతెన మీద చేరేసరికి పండగలా ఉంది. కింద రైలు పోతుంటే పిల్లలు చేతులూపారు. పాలాయన నా భుజం తట్టి, బాగయినారు సార్ అన్నాడు, ఏమీ జరగనట్టు. హరి ఫోన్ పైకెత్తి ఫోటోలు తీస్తున్నాడు.

అవతలి వైపు దిగేసరికి అక్కడి రేకు కూడా కాలువలో పడి ఉంది. దాని మీద అడుగులేసి జనం వస్తున్నారు. హరి పరుగున వచ్చాడు. మొహంలో సంతోషం, ఇంకేదో కూడా.

"పైవాళ్ళకు ఫోటో పంపినా సార్. ఎన్నెముక ఆపరేషనైన మనిషే ఎక్కినాడంటే ఇంక ఎవురైనా ఎక్కొచ్చు, తెరిచేయమన్నారు."

ర్యాంపు అన్నాను.

"అది ఫేజ్ టూ సార్. గ్యారంటీగా."

వాడి వెనక ర్యాంపు చువ్వలకు ఎవరో అప్పటికే చొక్కాలు ఆరేశారు.

మెట్ల కింద చెంగమ్మ బండి ఆగి ఉంది. కొట్టుకు బయలుదేరినట్టుంది, వెనక సంచిలో కుట్టాల్సిన గుడ్డలు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. జనం ఆమెకు అటూ ఇటూ చీలి మెట్లెక్కుతున్నారు. అమ్మ గబగబా పోయి, పసుపు చేతులతోనే ఆమె నుదుట కుంకుమ పెట్టి, మా అబ్బోడి మొక్కు తీరింది తల్లీ అంది. చెంగమ్మ తల వంచి పెట్టించుకుంది. అమ్మ కడుపు చల్లగుండాలని ఏదో అంది.

నేను కర్ర మీద వాలి, సోమవారం పైఆఫీసుకు మళ్ళీ పోదాం, హరితో నేను మాట్లాడతాను, ఈ విషయం వదిలిపెట్టేది లేదు అని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె అంతా విన్నాక బండి ఫ్లైఓవర్ వైపు తిప్పుకుంటూ అంది.

"మీకు కాళ్ళొచ్చినాయి గదా ఐవారూ. ఇంక మీతో మాకేం పని."